డోర్కస్ టజ్ అడగని దారి

డోర్కస్ టజ్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమంటే నా వల్ల కాదు. చెడ్డ మాటలైతే నలభై చెప్పగలను, అన్నీ నిజాలే. యాభై రెండేళ్ళుగా ఆమె ఇల్లూ నా ఇల్లూ పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో నడుమెత్తు ముళ్ళకంచె. అదే లేకపోతే మా ఇద్దరిలో ఒకరు ఎప్పుడో జైల్లోనూ, ఇంకొకరు వెల్‌స్టన్ చర్చి సమాధుల్లోనూ ఉండేవాళ్ళం.

ఆమెకిప్పుడు డెబ్బై ఎనిమిది. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. పొడుగు మనిషి. చచ్చిపోయిన మొగుడి కోటు వేసుకుని తిరుగుతుంది. ఎవరైనా పొద్దున్నే ఎదురై "రోజు బావుంది కదూ" అంటే, ఆకాశం వైపు ఒకసారి చూసి, "నాకూ కళ్ళున్నాయి" అంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ మాట ఒక్కసారి పడతారు. రెండోసారి అటు పక్క నుంచి వెళ్ళిపోతారు.

మా మార్ల్‌కోట్‌ను ఊరు అనడం కూడా ఎక్కువే. వేల్స్ సరిహద్దు కొండల కింద ఒక పల్లంలో తొమ్మిది ఇళ్ళు. చర్చి లేదు, బడి లేదు, దుకాణం లేదు, కూర్చుని ఒక గ్లాసు బీరు తాగడానికి పబ్ కూడా లేదు. గోడలో బిగించిన ఎర్ర ఉత్తరాల పెట్టె ఒకటుంది. దారి తప్పిన పశువుల్ని తోలే రాతి బందెలదొడ్డి ఒకటుంది, ఇప్పుడందులో దురదగొండి తప్ప ఏమీ లేదు. ఒకప్పటి ప్రార్థన మందిరంలో బర్ట్ యాప్ తన ట్రాక్టరు పెట్టుకుంటాడు. ఇక ఊరి చుట్టూ గుంటలే గుంటలు. మా తాతముత్తాతలు పొలాలకు చల్లడానికి సున్నపుమట్టి తవ్వి తవ్వి వదిలేసినవి. ఆ మట్టి బూటుకు అంటుకుంటే కత్తితో గీకినా ఊడిరాదు. అందుకే మైలున్నర దూరంలో ఉన్న వెల్‌స్టన్ వాళ్ళు మమ్మల్ని బంకకాళ్ళ వాళ్ళంటారు. తమకు చర్చి ఉందనీ బస్సు వస్తుందనీ వాళ్ళకు గీర. చచ్చాక మేమూ వాళ్ళ పక్కనే పడుకుంటామన్నది మాత్రం వాళ్ళకు మింగుడుపడదు.

బతికి వెళ్ళినా చచ్చి వెళ్ళినా మాకు వెల్‌స్టన్‌కు ఒకటే దారి. లెంచ్ వాళ్ళ పశువుల దొడ్డిలోంచి, వాళ్ళ గడ్డిబీడు అంచునే పోయి, వాగు మీద రాతిపలక దాటితే చర్చి వెనక గోడ దగ్గర తేలతాం. పెళ్ళికూతుళ్ళు అటే వెళ్ళారు, శవపేటికలూ అటే వెళ్ళాయి. రోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాలంటే మూడున్నర మైళ్ళు. రాతిక్వారీ లారీలు దూసుకుపోతుంటాయి, పక్కకు తప్పుకోవడానికి జానెడు చోటు ఉండదు.

ఇంత ముఖ్యమైన దారి ఏ మ్యాపులోనూ లేదు. దానికి కారణం మా మామగారు. 1951లో ప్రభుత్వం వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ జనం నడిచే కాలిబాటలన్నీ గీసి పంపమన్నారు. మార్ల్‌కోట్ వంతు ఆయనకు అప్పజెప్పారు. ఆయన పెన్సిలు నాలుకకు రాసుకుంటూ మూడు రోజులు కూర్చుని, కొండమీద గొర్రెలు కూడా నడవని బాటల్ని సైతం గీసి పంపాడు. ఈ ఒక్క దారీ గీయలేదు. "దీన్నెందుకు గీయడం? ఇది అందరికీ తెలిసిందేగా!" అన్నాడట. తెలిసినదాన్ని కాగితం మీద పెట్టడమంటే ఆయన లెక్కలో దాన్ని అనుమానించడమే. మా వాళ్ళ తెలివి అట్లా ఏడ్చింది.

డోర్కస్ సున్నపు బట్టీ పనివాడి కూతురు. పద్నాలుగో ఏట వెల్‌స్టన్ పాస్టరు గారింట్లో పనికి పెట్టారు. పాస్టరు గారి భార్య ఎదురైనప్పుడల్లా మోకాలు వంచి దండం పెట్టాలని అక్కడి నియమం. "నా మోకాళ్ళు గచ్చు తుడవడానికి వంగుతాయి. మీరు జీతమిచ్చేది దానికే" అని చెప్పి మూడో వారం మూట సర్దుకుని వచ్చేసింది. ఆ నోటికి జడిసి ఎవడూ చేసుకోడనుకుంటే ఆల్బన్ టజ్ చేసుకున్నాడు.

ఆల్బన్ కంచెలు అల్లేవాడు. చలికాలమంతా ముళ్ళచెట్ల కొమ్మల్ని చావకుండా సగానికి నరికి, వంచి, ఒకదానిలోకి ఒకటి అల్లి, గొర్రెపిల్ల కూడా దూరని కంచె కట్టేవాడు. మా మధ్య ఉన్న కంచె ఆయన చేతిదే. మనిషి వెన్న. ఆమె తిడుతుంటే టీ కప్పు చేత్తో పట్టుకుని, రేడియో వింటున్నట్టు తల ఊపుతూ కూర్చునేవాడు. పిల్లల్లేరు. 1961 ఫిబ్రవరిలో ఆయన బొటనవేలి కీలులో ముల్లొకటి దిగింది. ముల్లేగదా అన్నాడు. తొమ్మిదో రోజుకల్లా ఒళ్ళంతా విషమెక్కి పోయాడు. మా ఆయనా ఇంకో అయిదుగురూ పేటిక మోశారు. లెంచ్ వాళ్ళ దొడ్డిలో ముసలి గిల్బర్ట్ లెంచ్ టోపీ తీసి, ఆవుల్ని పక్కకు తోలి నిలబడ్డాడు. ఆ దారిన వెళ్ళిన ఆఖరి పేటిక అదే, తర్వాతివన్నీ మోటారు బండిలో రోడ్డు మీదే వెళ్ళాయి.

ఆ తర్వాతి ఆదివారం నుంచీ డోర్కస్ మధ్యాహ్నం భోజనం కాగానే కోటు వేసుకుని ఆ దారినే చర్చి సమాధుల దగ్గరికి వెళ్ళేది. అక్కడ ఒక బకెట్ బోర్లించుకుని కూర్చుని, గంటసేపు మొగుణ్ణి తిట్టేది. ముల్లు గుచ్చుకున్నప్పుడు డాక్టరు దగ్గరకు పోనందుకు, పైకప్పు కారుతున్నందుకు, బొగ్గు తడిసినందుకు, ఎల్సీ హాడ్నెట్ కోళ్ళు కంచె కింద నుంచి దూరినందుకు. ఎల్సీ హాడ్నెట్ అంటే నేనే. పూలు మార్చడానికి వెళ్ళి చెవులారా విన్నాను. అక్కడ నవ్వు ఆపుకున్నాను. ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు. వారం మొత్తం మీద ఆమె మనసు విప్పి మాట్లాడేది ఆ ఒక్క గంటే.

ఇక మా పోట్లాట సంగతి. గిల్బర్ట్ లెంచ్ మంచివాడే. తన మంచితనం నలుగురి కంట్లో పడాలని కాస్త తాపత్రయపడే రకం. 1966 మార్చిలో ఒక ఆదివారం మేమంతా వెల్‌స్టన్‌లో ఒక బాప్తిస్మం చూసుకుని ఆయన దొడ్డిలోంచి తిరిగొస్తున్నాం. ఎదురుగా డోర్కస్ వెళ్తోంది. అందరూ వినేట్టుగా ఆయన ఆమెను ఆపాడు.

"ఏమ్మా డోర్కస్, మొహమాటపడకు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఈ దారిన నడువు. నేనేమీ అనుకోను."

ఇంకెవరైనా అయితే "అలాగేనండీ" అని సాగిపోతారు. ఈ మహాతల్లి ఆగింది.

"అనుకోవా? అనుకోవడానికి అసలు నువ్వెవరు? మీ తాత ఈ దొడ్డి కొనకముందే మా వాళ్ళ శవాలు ఇటు వెళ్ళాయి. నీ దయ తీసుకెళ్ళి నీ పందుల తొట్లో పోసుకో."

ముసలాయన మొహం కందగడ్డలా అయిపోయింది. మా అందరికీ తలకొట్టేసినట్టయింది. నాకైతే ఒళ్ళు మండిపోయింది. ఈమె ఒక్కత్తి వల్ల ఊరందరికీ మర్యాద తెలియదనుకోరూ? ఆ నెల ఇరవై ఐదున, మా వైపు కౌళ్ళు మారే రోజున, షాజీరా వేసిన కేకు ఒకటి చేసి గుడ్డ కప్పుకుని లెంచ్ వాళ్ళింటికి వెళ్ళాను.

"లెంచ్ గారూ, మార్ల్‌కోట్ అంతా ఆమెలాంటి వాళ్ళే అనుకోకండి. మీరు నడవనిస్తున్నారు కాబట్టి నడుస్తున్నాం. అది మాకు తెలుసు. ఈ ఏడాది కూడా నడవనివ్వమని అందరి తరఫునా అడగడానికి వచ్చాను."

"అయ్యో ఎల్సీ, ఎంత మాట! మీరంతా నిక్షేపంగా నడవండి. ఏడాది పొడుగునా నా అనుమతి ఉన్నట్టే."

ఆ మాట అనడం ఆయనకెంత తియ్యగా ఉందో, వినడం నాకంత తియ్యగా ఉంది. అప్పటి నుంచి ఏటా అదే రోజు, అదే కేకు, అదే మాట. పంతొమ్మిదేళ్ళు, ఆయన పోయేదాకా. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఊరి పరువు నేనొక్కదాన్నే కాపాడుతున్నానని లోపల్లోపల గర్వం. నిజం చెప్పాలంటే గర్వం కూడా కాదు. నేను డోర్కస్ లాంటిదాన్ని కానని ఏటా ఒకసారి రుజువు చేసుకోవాలనే కచ్చ.

మొదటిసారి ఖాళీ పళ్ళెంతో తిరిగొస్తుంటే ఆమె కంచె అవతల నుంచి చూసింది.

"ఏమే ఎల్సీ, కేకు పోసి ఏం కొనుక్కొచ్చావ్?"

"నువ్వు తీసిన పరువు."

"ఓహో! నీ కాళ్ళు నీ సొంతమేనా, వాటికి కూడా లెంచ్ చీటీ రాసిచ్చాడా?"

అప్పుడు నేనొక మాటన్నాను. "నీ నోటికి భయపడే ఆల్బన్ అంత తొందరగా పోయాడు" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. ఆ మాట అనకూడదని అంటున్నప్పుడే నాకు తెలుసు. వెనక్కి తీసుకోవాలనీ తెలుసు. తీసుకోలేదు. దాదాపు ఇరవై రెండేళ్ళు ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ, ఒక్క మాట లేకుండా బట్టలారేసుకున్నాం.

గిల్బర్ట్ పోయాక దొడ్డి కొడుకు ఆబ్రీ చేతికొచ్చింది. వీడికి తండ్రి మంచితనమూ రాలేదు, కనీసం మంచివాడు అనిపించుకోవాలన్న కోరికా రాలేదు. ఆవుల్ని అమ్మేసి, కొట్టాలను గదులు చేసి, లండన్ వాళ్ళకు వారాల చొప్పున అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. కిటికీ ముందు నుంచి మా బంకకాళ్ళు పోతుంటే వాళ్ళకు పల్లెటూరి అందం కనబడదట. 1987 సెప్టెంబరులో గేటుకు తాళం వేసి, దారి లేదని బోర్డు కట్టాడు. ఆ ఆదివారం డోర్కస్ వెళ్ళి గేటును కర్రతో బాదింది. వెనక మేం నలుగురైదుగురం ఉన్నాం.

"తాళం తియ్యి."

"ఇది దారి కాదు, డోర్కస్. మ్యాపులో ఎక్కడుందో చూపించు, ఇప్పుడే తీస్తా."

"మ్యాపు నడుస్తుందా? నడిచేది నేను. తియ్యి."

"రోడ్డుందిగా, అటు వెళ్ళు."

"నీకూ కాళ్ళున్నాయిగా, నువ్వే పో!"

వాడు నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు. మేం కాసేపు గొణుక్కుని ఇళ్ళకొచ్చేశాం. ఆమె టీ వేళ దాకా అక్కడే నిలబడింది.

తర్వాతి ఆదివారం రోడ్డు పట్టింది. అప్పటికి ఆమెకు అరవై ఏడు, ఎడమ తుంటి పాడైంది. ఒంటిగంటకు వెళ్ళిన మనిషి ఆరున్నరకు తిరిగొచ్చింది. కోటు నిండా లారీలు చిమ్మిన బురద. గడప మీద కూర్చుని, బూటు విప్పుకోబోయి వంగలేక, అట్లాగే ఉండిపోయింది. వంటింటి కిటికీలోంచి నేను చూస్తూనే ఉన్నాను. నాకు సంతోషం కలగాలి. కలగలేదు, దానికీ ఆమె మీదే కోపం వచ్చింది. ఆ తర్వాతి ఆదివారాల్లో ఆమె వెళ్ళలేకపోయింది. భోజనం కాగానే కోటు వేసుకుని పెరట్లోకి వచ్చి, ఎక్కడికీ పోకుండా గంటసేపు నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళేది.

ఊరు ఊరంతా ఆబ్రీ మీద పళ్ళు నూరింది. కౌంటీ ఆఫీసుకు ఉత్తరం రాశాం. నవంబరులో అక్కడి నుంచి ఒకావిడ వచ్చింది. బర్ట్ యాప్ ట్రాక్టరు పక్కన అందరం బల్లలేసుకుని కూర్చున్నాం. మ్యాపులో లేకపోయినా పర్వాలేదందావిడ.

"ఇరవై ఏళ్ళుగా జనం ఆ దారిన నడుస్తున్నారని తేలితే అది మీ హక్కే. కాకపోతే గేట్లు విరగ్గొట్టి నడిచి ఉండకూడదు. దొంగచాటుగా నడిచి ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, యజమాని అనుమతి తీసుకుని నడిచి ఉండకూడదు."

"తీసుకుంటే?" అన్నాడు బర్ట్.

"అది ఆయన దయ అవుతుంది. దయ ఎప్పుడైనా ఆపేయొచ్చు. అడక్కుండా నడిస్తేనే హక్కు."

"అంటే అడిగినవాడు వెధవా, అడగనివాడు దొరా?"

"చట్టం ప్రకారం కాస్త అంతే."

"మా అమ్మ నన్ను అనవసరంగా కొట్టి పెంచింది" అన్నాడు బర్ట్. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఒకరిద్దరు నడిస్తే చాలదనీ, ఊరంతా అడక్కుండా నడిచిందని రుజువు కావాలనీ ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది. నేను తలెత్తేసరికి ఎదురుగా డోర్కస్ నా మొహమే చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే నేను బట్టలారేస్తుంటే కంచె దగ్గరికొచ్చింది. ఇరవై రెండేళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట ఇది:

"కేకు మాట ఎత్తావంటే చంపేస్తా."

"నాకేం పని? అడిగితే కదా చెప్పేది."

"అడిగినా చెప్పకు."

"బైబిలు మీద చెయ్యేసి అబద్ధమాడమంటావా?"

"నోరు మూసుకోమంటున్నా. నీకు అబద్ధమాడడం కన్నా అదే కష్టమని నాకు తెలుసు."

వెళ్ళబోయి ఆగింది. "ఆయనకు చెప్పాల్సినవి ఏడు వారాలవి పేరుకుపోయాయి" అంది. బతిమాలినట్టు కాదు, ఆ ఏడు వారాలూ నేనే దొంగిలించినట్టు.

విచారణ మార్చిలో, వెల్‌స్టన్ బడి హాల్లో. పైనుంచి పంపిన విచారణాధికారి ఒకాయన టేబులు వెనక కూర్చున్నాడు. ఆబ్రీ తరఫున పట్నం నుంచి ఒక లాయరు వచ్చాడు. తెల్లజుట్టు, పట్టులాంటి గొంతు. వెనక బల్లల నిండా వెల్‌స్టన్ వాళ్ళు. వాళ్ళకిదొక వినోదం. మొదట డోర్కస్‌ను పిలిచారు.

"టజ్ గారూ, ఇరవై ఆరేళ్ళలో ఆ దారిన ఎన్నిసార్లు వెళ్ళుంటారు?"

"ప్రతి ఆదివారం. అరవై మూడులో మంచు పడ్డప్పుడు రెండు వారాలు తప్ప."

"లెంచ్ గారి అనుమతి తీసుకున్నారా?"

"నువ్వు మీ ఇంట్లో మరుగుదొడ్డికి పోవడానికి ఎవరి అనుమతి తీసుకుంటావ్?"

హాలంతా గొల్లుమంది. అధికారి దగ్గుకుని ఏదో రాసుకున్నాడు.

"పెద్ద లెంచ్ గారు స్వయంగా ఇస్తానన్నారని విన్నాను?"

"అన్నాడు. మొహాన కొట్టాను."

"కొట్టారా?" అన్నాడు అధికారి మొదటిసారి తలెత్తి.

"మాటతో," అంది. ఆ రోజు ఆమెను చూసి, ఒప్పుకోవడం కష్టంగా ఉన్నా చెబుతున్నాను, నాకు ముచ్చటేసింది. జీవితమంతా ఊరి చేత ఛీ అనిపించుకున్న ఆ నోరే ఇప్పుడు ఊరికి దిక్కయింది.

బర్ట్ వెళ్ళాడు, ఇంకో అయిదుగురు వెళ్ళారు. అనుమతి ఎవరూ అడగలేదన్నారు, ఎవరూ పుచ్చుకోలేదన్నారు. వాళ్ళకు తెలిసినంతవరకు అది నిజమే. ఆఖరున నన్ను పిలిచారు. బైబిలు మీద చెయ్యేశాను. లాయరు నన్ను చూసి మెత్తగా నవ్వాడు.

"హాడ్నెట్ గారూ, మీరు చర్చి పాటల బృందంలో ఉన్నారటగా?"

"ముప్పై ఏళ్ళుగా."

"ఈస్టరుకు పూలు కూడా మీరే అమరుస్తారట. చూస్తేనే తెలుస్తోంది, పద్ధతైన మనిషని. అందుకే నాకో సందేహం. ఇన్నేళ్ళు ఒక పెద్దాయన వాకిట్లోంచి, ఆయన వంటింటి కిటికీ ముందు నుంచి, దేశదిమ్మరుల్లాగా పోతూ వస్తూ, ఏమండీ వెళ్ళమంటారా అని ఒక్క మాట... ఒక్కరికీ తోచలేదా?"

నేను పెదవులు బిగించాను.

"పోనీలెండి," అన్నాడు కాగితాలు సర్దుకుంటూ. "ఆయన పెద్దమనిషి కాబట్టి ఊరుకున్నాడు. మార్ల్‌కోట్ వాళ్ళ కాళ్ళకు బురద తెలుసు గానీ గడప తెలియదని ఈ ఊళ్ళో అంటుంటే ఏదో అనుకున్నాను."

వెనక వెల్‌స్టన్ వాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే నా కొంప ముంచింది.

"ఎవరికయ్యా తెలియంది మర్యాద?" అని లేచాను. "ఏటా మార్చి ఇరవై ఐదున నేనే స్వయంగా వెళ్ళి, కేకు ఇచ్చి, మా ఊరందరి తరఫునా అడిగి వచ్చేదాన్ని! పంతొమ్మిదేళ్ళు! ఒక్క ఏడు కూడా తప్పలేదు!"

ఆహా, ఎంత బాగా చెప్పానో అనిపించింది. రెండు నిమిషాలు కూడా కాదు, రెండు ఊపిర్ల సేపు. లాయరు కూడా బిత్తరపోయాడు, అతను ఈ సంగతి తెలిసి అడగలేదు. గ్లాసులో నీళ్ళు పోసుకుని, నెమ్మదిగా, "అందరి తరఫునా?" అన్నాడు.

ఆబ్రీ కుర్చీలోంచి ముందుకు వంగాడు. "మా నాన్న డైరీల్లో ఏటా మార్చిలో ఉంటుంది. ఎల్సీ కేకు, దారి ఇంకో ఏడు, అని. అదేంటో నాకిప్పటిదాకా అర్థం కాలేదు."

డోర్కస్ కర్ర తీసుకుని లేచింది. నా పక్క నుంచే వెళ్ళాలి. తిడుతుందని ఎదురు చూశాను. తిట్టమని దేవుణ్ణి వేడుకున్నాను. ఏమీ అనలేదు. ఆమె ఎవరినైనా తిట్టకుండా వదిలేయడం నేను చూడడం అదే మొదటిసారి.

ఆరు వారాలకు తీర్పు కాగితం వచ్చింది. మార్ల్‌కోట్ వాళ్ళు యజమాని దయతో నడిచారనీ, ఆ దయ ఏటా అడిగి పుచ్చుకున్నారనీ, కాబట్టి హక్కు లేదనీ రాశారు. అడగకుండా నడిచినది డోర్కస్ టజ్ ఒక్కతేనని పేరు పెట్టి రాసి, ఒక్కరి నడక ఊరి నడక కాదన్నారు. ఆ కాగితం చదివి బర్ట్ నా గుమ్మం ముందు ఉమ్మేశాడు. ఎదురింటి వాళ్ళు పలకరించడం మానేశారు. ఎవరో ఒక రాత్రి నా మెట్ల మీద బూజుపట్టిన కేకు ముక్క పెట్టి పోయారు. చేసినదానికి అది తక్కువే, నేనే ఎత్తి పారేశాను.

డోర్కస్ మళ్ళీ రోడ్డు పట్టింది. ఈసారి మొండికేసినట్టు ప్రతి ఆదివారం వెళ్ళేది. నా దగ్గర మా ఆయన వదిలిపోయిన పాత కారు ఉంది. ఎంత అధ్వాన్నంగా నడిపినా లారీ కింద పడి చావడం కన్నా నయమే. మొదటి ఆదివారం ఆమె వెనకే వెళ్ళి, పక్కన ఆపి, తలుపు తీసి, "ఎక్కు" అన్నాను. తల తిప్పకుండా నడిచింది. రెండో ఆదివారం మళ్ళీ ఆపాను.

"ఎక్కు డోర్కస్, నేను తీసుకెళ్తా. ఏదో నాకు చేతనైన సాయం..."

ఆమె కర్రెత్తి కారు ముందు రేకు మీద ఒక్కటి వేసింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది.

"నీ సాయం నువ్వే ఉంచుకో. నువ్వు ఇంకో లెంచ్‌వి అయ్యావా?"

ఆ వారమంతా ఆ మాట నన్ను తినేసింది. గిల్బర్ట్ లెంచ్ దొడ్డిలో నిలబడి నడువమ్మా అన్నప్పుడు నా కళ్ళకు దేవుడిలా కనబడ్డాడు. ఎక్కమని తలుపు తీసి పట్టుకున్న నేనూ అచ్చం ఆయనలాగే ఉన్నానని అప్పుడు తెలిసింది. నా మీద నాకే అసహ్యమేసింది.

మూడో ఆదివారం ఒంటిగంటకు కారు బయటికి తీసి, రోడ్డు వైపు తిప్పి పెట్టాను. వెనక తలుపు తెరిచి వదిలేశాను. స్టీరింగు ముందు కూర్చుని, ఎదురుగా బందెలదొడ్డి రాళ్ళు చూస్తూ ఉన్నాను. పిలవలేదు. తల తిప్పలేదు. ముప్పావుగంట గడిచింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. అప్పుడు పక్కింటి గేటు కిర్రుమంది. కర్ర చప్పుడు వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చింది. కారు వెనక్కి కుంగింది. తలుపు అద్దాలు పగిలేంత గట్టిగా పడింది.

"నేను అడగలేదు" అంది వెనక నుంచి.

"నేను పిలవలేదు" అన్నాను.

"మరి కదలవేం? గుర్రం చచ్చిందా?"

అప్పటి నుంచి పదేళ్ళయింది. ఒక్క ఆదివారం తప్పలేదు. చర్చి దగ్గర ఆమె బకెట్ మీద కూర్చుని ఆల్బన్‌కు వారం సంగతులు చెబుతుంది, నేను కారులోనే కూర్చుని ఊలు అల్లుకుంటాను. నా డ్రైవింగ్ మీద కనీసం పావుగంట ఉంటుంది. ఎక్కేటప్పుడు ఒక మాట లేదు, దిగేటప్పుడు ఒక మాట లేదు. "ఎంత పొగరు, మనిషికి కాస్త కృతజ్ఞతైనా ఉండొద్దూ" అని వెల్‌స్టన్ వాళ్ళు నా మీద జాలిపడుతుంటారు. మీ పని మీరు చూసుకోండని వాళ్ళ నోళ్ళు మూయిస్తాను. నేనూ జాగ్రత్తగానే ఉన్నాను. రా అనలేదు, కూర్చో అనలేదు, పర్వాలేదులే అని పొరపాటున కూడా అనలేదు. లోకంలో ఆమెకంటూ మిగిలిన హక్కు నా కారు వెనక సీటు ఒక్కటే. నోరు జారి ఒక హక్కు పోగొట్టాను, దీన్ని కూడా పోగొట్టదలుచుకోలేదు.

మొన్న ఆదివారం వాన పడుతోంది. తుంటి ఇప్పుడు బాగా ముదిరింది. గేటు నుంచి కారు దాకా పన్నెండు అడుగులు. అద్దంలో చూస్తున్నాను. ఆరో అడుగులో ఆగిపోయింది. కర్ర జారి కింద పడింది. వంగలేక, కదలలేక, వానలో ఊగుతూ నిలబడింది. నా వైపు చూసి నోరు తెరిచింది. యాభై రెండేళ్ళలో ఎన్నడూ వినని గొంతు, సన్నగా, చిన్నపిల్ల గొంతులా వచ్చింది.

"ఎల్సీ... నీకేమీ ఇబ్బంది లేకపోతే, కొంచెం..."

ఇంకొక్క మాట ఆమె నోటి వెంట వస్తే అడిగినట్టే అవుతుంది, పదేళ్ళూ మట్టిలో కలుస్తాయి. తలుపు తన్నుకుని బయట పడ్డాను.

"నోర్ముయ్యి, ముసలి పీనుగా!" అని ఊరంతా వినబడేట్టు అరిచాను. "వానలో నిలబడి ఉపన్యాసమిస్తావేంటి? నీకు వేరే పని లేకపోవచ్చు, నాకు బోలెడుంది!"

రెక్క పట్టుకుని, ఆలుగడ్డల బస్తాను లాగినట్టు లాగి, వెనక సీట్లో కుదేశాను. కర్ర తీసి ఆమె ఒళ్ళో పడేశాను. ఆమె కాసేపు ఊపిరి కూడదీసుకుంది. తడిసిన మొహం తుడుచుకుని, నన్ను ఎగాదిగా చూసింది.

"చెయ్యి విరిగింది కదే, మొద్దు మొహమా" అంది. గొంతు మళ్ళీ మామూలుగా ఉంది.

తలుపు గట్టిగా వేసి, బండి తీశాను.